పుట్టిల్లు, అత్తిల్లు, మధ్యలో బాలింత

(మండల స్థాయి శిక్షణలో ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, గ్రామ సమాఖ్య సభ్యుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆశా కార్యకర్తలూ, అంగన్‌వాడీ టీచర్లూ, గ్రామ సమాఖ్య అక్కలూ ఇలా ఒకే గదిలో కూర్చోవడం తరచూ కుదరదు. అందుకని ఈ ముగ్గురూ చెయ్యి కలిపితే తప్ప జరగని పని ఒక్కదాని గురించే మాట్లాడతాను. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళిన అమ్మాయి మన లెక్కల్లోంచి ఎలా జారిపోతోంది, జారకుండా ఏం చెయ్యాలి. అదీ విషయం.

ఆచారం మీకు తెలిసిందే. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్తారు. పురుడు అక్కడే. బిడ్డకు మూడో నెలలోనో, ఐదో నెలలోనో సారె పెట్టి అత్తింట్లో దిగబెడతారు. ఈ ఆచారాన్ని నేను తప్పు పట్టను. మొదటిసారి కన్న పిల్లకు కన్నతల్లి పక్కన ఉండటం ఎంతో మేలు. చిక్కు మన రిజిస్టర్లలో ఉంది. అత్తగారి ఊళ్ళో "పుట్టింటికి వెళ్ళింది" అని రాసి పేజీ తిప్పేస్తాం. పుట్టింటి ఊళ్ళో ఆ పేరే ఉండదు, పెళ్ళి చేసి పంపేసిన పిల్ల కదా. కాన్పు, ముర్రుపాలు, మొదటి 42 రోజులు, బిడ్డకు మూడు విడతల టీకాలు, అన్నీ ఆ ఆరేడు నెలల్లోనే ఉన్నాయి. అంటే అసలు పనంతా ఏ రిజిస్టర్లోనూ లేని కాలంలో జరిగిపోతోంది.

ఈ పిల్లలు ఎంత చిన్నవాళ్ళో ఒకసారి గుర్తు చేసుకుందాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్ళయింది. 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా కడుపుతో ఉన్నారు. దేశం మొత్తం మీద అది 6.8 శాతమే. తెలంగాణలో 5.8. మన దగ్గర బాలింత అంటే చాలాసార్లు తన ఒళ్ళే ఇంకా పూర్తిగా ఎదగని పిల్ల.

సరే, పని దగ్గరకు వద్దాం. మొదటి మెట్టు అప్పగింత. సీమంతం ముహూర్తం పెట్టుకున్నారని తెలియగానే, అంటే ఆరో నెలలోనే, అత్తింటి ఊరి ఆశా ఆ ఇంటికి వెళ్ళాలి. ఎంసీపీ కార్డు, అంటే తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు తెరిచి ఆరు సంగతులు కాగితం మీద రాసుకోవాలి. గర్భం నమోదైనప్పుడు ఇచ్చే 12 అంకెల ఆర్‌సీహెచ్ నంబరు, ఆఖరుసారి చూసిన హిమోగ్లోబిన్, బీపీ, బ్లడ్ గ్రూపు, కాన్పు ఏ ఆసుపత్రిలో అనుకుంటున్నారు, ఆరోది పుట్టింట్లో అమ్మ ఫోన్ నంబరు. భర్త నంబరు ఒక్కటే రాసుకుంటే లాభం లేదు. అతను ఇక్కడుంటాడు, కబురు అక్కడికి చేరదు. తర్వాత ఆ ఊరి ఆశాకు ఫోన్ చెయ్యాలి. నంబరు తెలియకపోతే మీ ఏఎన్‌ఎం (ఊరి నర్సమ్మ) ద్వారా ఆ పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) అడిగించాలి. ఐదు నిమిషాల మాట. ఆ ఫోన్ వెళ్ళకపోతే ఆ తర్వాత మనం చేద్దామనుకున్నవేవీ జరగవు.

మాత్రలు చేతికిచ్చి పంపండి. ఐరన్ మాత్ర రోజుకు ఒకటి, కాల్షియం రోజుకు రెండు. మూడు నెలలకు 90 ఐరన్, 180 కాల్షియం. రెండూ వేర్వేరు కవర్లలో పెట్టండి. ఒకే కవరులో పోసిస్తే రెండూ కలిపి మింగేస్తారు, కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. కాల్షియం అన్నంతో పాటు, ఐరన్ మాత్ర అన్నం తిన్న రెండు గంటల తర్వాత. టీతో వద్దు, నిమ్మకాయ నీళ్ళతో అయితే మంచిది. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పండి. చెప్పకపోతే నాలుగో రోజే భయపడి మానేస్తారు. కాన్పయ్యాక కూడా ఇంకో 180 రోజులు ఐరన్ వాడాలి. ఇది చాలామందికి తెలియదు, మనమూ చెప్పం. కడుపుతో ఉన్నప్పుడు హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే రక్తహీనత. 7 కన్నా తక్కువుంటే మాత్రలతో కాలయాపన చెయ్యొద్దు, ఆ ప్రయాణం పుట్టింటికి కాదు, ముందు పెద్దాసుపత్రికి.

అంగన్‌వాడీ టీచర్లకు ఒక మాట. పోషణ్ ట్రాకర్‌లో, అంటే మీరు లబ్ధిదారుల పేర్లు ఎక్కించే యాప్‌లో, పేరు ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి మార్చే వీలుంది. మార్చకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. గుడ్లు, పాలు అత్తింట్లో ఎవరో తెచ్చుకుంటారు, తినాల్సిన పిల్ల ఇంకో ఊళ్ళో ఉంటుంది.

ఇప్పుడు కాన్పు తర్వాత ఇంటికి వెళ్ళే రోజులు. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజులకు, ఆరుసార్లు. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా కలిపి ఏడు. ఈ పద్ధతి పైనుంచి ఊడిపడలేదు. తెలంగాణ సరిహద్దులో ప్రాణహితకు అవతలి ఒడ్డున, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణి బంగ్ ఊరి ఆడవాళ్ళకే నేర్పించి, ఇళ్ళకు పంపి చూపించారు. మూడో ఏటికి అక్కడ నెలలోపు శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఆ పని చేసిందెవరో గుర్తు పెట్టుకోండి. మనలాంటి వాళ్ళే, ఊరి ఆడవాళ్ళు.

ఇంట్లోకి వెళ్ళగానే బిడ్డను ఎత్తుకోకండి. సబ్బుతో చేతులు కడుక్కోండి, మోచేతుల దాకా. గాజులు, వాచీ ముందే తీసి పక్కన పెట్టండి. బిడ్డ నిద్రలో ఉంటే లేచి ఏడవకముందే ఊపిరి లెక్కపెట్టండి, పూర్తిగా ఒక నిమిషం. అర నిమిషం లెక్కపెట్టి రెండుతో గుణించొద్దు, పసిపిల్లల ఊపిరి ఒకేలా ఆడదు. 60, అంతకు మించి వస్తే కాసేపాగి మళ్ళీ లెక్కపెట్టండి. మళ్ళీ అంతే వస్తే, లేదా డొక్కలు ఎగరేస్తుంటే, పాలు పీల్చడం మానేస్తే, చంకలో జ్వరం 37.5 డిగ్రీలు దాటితే, 35.5కు దిగితే, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడితే ఇంక పసరులూ వద్దు, తాయెత్తులూ వద్దు. 108.

తూకం. ఇక్కడే మనం ఎక్కువ తప్పు చేస్తున్నాం. ఖాళీ ఊయల గుడ్డను కొక్కేనికి తగిలించి, ముల్లును సున్నాకు తేవాలి. గుడ్డ తగిలించకుండా సున్నా చేస్తే గుడ్డ బరువు కూడా బిడ్డ బరువులో కలుస్తుంది. 2,400 గ్రాముల బిడ్డ 2,500 దాటినట్టు కనిపిస్తే తక్కువ బరువు బిడ్డ అన్న సంగతే మనకు తెలియదు. తూకం కంటికి ఎదురుగా ఉండాలి. కిందనుంచి చూస్తే ఒక అంకె, పైనుంచి చూస్తే ఇంకో అంకె. బిడ్డను పక్కమీద నుంచి ఎక్కువ ఎత్తు లేపకండి. కింద పరుపో, బొంతో ఉండాలి. మొదటి వారంలో బిడ్డ కాస్త తగ్గడం మామూలే, పదో వంతు దాకా పోవచ్చు. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు రావాలి, ఆపైన రోజుకు సుమారు 25, 30 గ్రాములు పెరగాలి. రాకపోతే డబ్బా పాలు చెప్పే ముందు, తల్లి పాలిస్తుంటే పక్కన కూర్చుని చూడండి.

ఏం చూడాలి? బిడ్డ నోరు బాగా తెరుచుకుందా, కింది పెదవి బయటికి మడత పడిందా, గడ్డం రొమ్ముకు ఆనిందా. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం పైన కాస్త కనబడొచ్చు, కింద కనబడకూడదు. మొన ఒక్కటే నోట్లో ఉంటే పాలు రావు, మొన చీలుతుంది, పిల్ల ఏడుస్తుంది, ఇంట్లో "పాలు చాలట్లేదు" అనే మాట పుడుతుంది. 18 ఏళ్ళ పిల్ల ఆ మాట విని తన ఒంట్లోనే లోపముందనుకుంటుంది. చిటికెన వేలు బిడ్డ నోటి పక్కనుంచి పెట్టి, పట్టు విడిపించి, మళ్ళీ పట్టించండి. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు, ఐదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరుసార్లు ఉచ్చ. ఈ రెండూ ఉంటే పాలు చాలుతున్నట్టే. తేనె నాకించొద్దు, ఏడాది నిండేదాకా తేనె ప్రమాదం. ఆముదం, వస, పంచదార నీళ్ళు ఏవీ వద్దు. అమ్మమ్మను కోప్పడకుండా చెప్పండి. ఆవిడ తన పెద్దలు చేసిందే చేస్తోంది. "ఆరు నెలలు పాలు తప్ప ఏదీ వద్దన్నారు పెద్దమ్మా, ఆ తర్వాత మీ చేత్తోనే అన్నం ముద్ద పెడుదురుగాని" అంటే వింటారు.

ఇంతవరకూ బిడ్డ. ఇక్కడితో సంతకం పెట్టి లేచిపోతాం. తల్లి అలాగే మంచం మీద ఉంటుంది.

ఆమెను అడగండి. గుడ్డ ఎన్ని గంటలకు మారుస్తున్నావు? గంటలోపే నిండా తడిసిపోతుంటే అది ఆగే రక్తం కాదు. మైల వాసన వస్తోందా? చలి జ్వరమా? తలనొప్పి, కళ్ళు మసకలు ఉన్నాయా? కాన్పయిపోయింది కదా, ఇంక బీపీ గండం తప్పిందనుకోవద్దు. కాన్పు తర్వాత కూడా ఫిట్స్ వస్తాయి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెడుతోందా? రొమ్ములో ఒకచోట ఎర్రగా గట్టిపడిందా? ఇవి ఆమె తనంతట తాను చెప్పదు, సిగ్గు. మనమే పేరు పెట్టి అడగాలి.

పథ్యం సంగతి. వెల్లుల్లి కారం, మెతుకులు, వేయించిన వంకాయ, నీళ్ళు గుక్కెడు. నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని, కూర తింటే బిడ్డకు అజీర్తని. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కన్నా రోజుకు 600 కేలరీలు ఎక్కువ కావాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. అంటే ఇంచుమించు ఇంకో పూట భోజనం. పథ్యం పెడితే ఉన్నదే తగ్గుతుంది. మొత్తం పథ్యం ఎత్తెయ్యమంటే ఏ ఇల్లూ ఒప్పుకోదు. కాబట్టి బేరమాడండి. వెల్లుల్లి కారం ఉండనివ్వండి, వాము ఉండనివ్వండి. దానికి తోడు ఒక గుడ్డు, ఒక గిన్నె ముద్దపప్పు, మునగాకు గానీ తోటకూర గానీ ఒక కూర, గ్లాసు పాలు. పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు కాచి చల్లార్చిన నీళ్ళు. మంచం పక్కన మూతపెట్టిన చెంబు పెట్టించి రండి. చెంబు అందుబాటులో లేకపోతే అర్ధరాత్రి లేచి ఎవరినీ అడగదు.

మనసు గురించి కొంచెం నిదానంగా చెబుతాను. మూడో రోజు, నాలుగో రోజు నుంచి ఊరికే కళ్ళనీళ్ళు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో పోతుంది. పోకపోతే అది జబ్బు. అందుకే 14వ రోజు, 28వ రోజు, 42వ రోజు ఈ మాట తప్పకుండా అడగాలి. "ఎలా ఉన్నావమ్మా" అంటే "బాగున్నా అక్కా" అంటుంది, అంతే. ఇలా అడగండి: "పాప పడుకున్నప్పుడు నీకు నిద్ర పడుతోందా?" బిడ్డ ఏడుస్తుంటే నిద్ర లేకపోవడం మామూలు. బిడ్డ పడుకున్నా నిద్ర రాకపోవడం మామూలు కాదు. తర్వాత "ఇదివరకు ఇష్టంగా చేసే పని ఏదైనా ఇప్పుడూ చెయ్యాలనిపిస్తోందా?" ఆ తర్వాత, గొంతు మార్చకుండా, "నేను లేకపోతే బాగుండును అని ఎప్పుడైనా అనిపించిందా?" ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడతారు. పుట్టదు. ఉన్నది బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఏఎన్‌ఎంకు చెప్పండి, అక్కడి నుంచే మానసిక ఆరోగ్య సహాయం కోసం ఉన్న టెలి మానస్ 14416కు ఫోన్ కలపండి, తెలుగులో మాట్లాడతారు. ఉన్నట్టుండి నిద్ర మానేసి, పొంతన లేకుండా మాట్లాడుతూ, లేని గొంతులు వినిపిస్తున్నాయంటే దాన్ని గాలి సోకడం అంటారు ఊళ్ళో. అది అత్యవసరం, అదే రోజు ఆసుపత్రి. బిడ్డను ఆమె దగ్గర ఒంటరిగా ఉంచొద్దు.

ఇవన్నీ అడగాలంటే ఆమె ఒంటరిగా దొరకాలి. ఇద్దరు వెళ్ళండి. ఒకరు బిడ్డను తూకానికి వసారాలోకి తీసుకెళ్ళి అమ్మమ్మనో, అత్తగారినో ముల్లు చూడమని పిలవండి. ఆ పది నిమిషాలు రెండో మనిషివి. ఆడపిల్ల పుట్టిన ఇల్లయితే ఈ పది నిమిషాలు మరీ ముఖ్యం. కొడుతున్నారని చెబితే మహిళా హెల్ప్‌లైన్ 181, జిల్లాలో హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే వన్ స్టాప్ సెంటర్. ఆమె ఒప్పుకోకుండా ఇంట్లో వాళ్ళను నిలదీయకండి. మీరు వెళ్ళిపోతారు, దెబ్బలు తినేది ఆమె.

42వ రోజు చాలా పనులు ఒకేచోట కలుస్తాయి. ఆఖరి సందర్శన, బిడ్డకు ఆరు వారాల టీకాలు, తల్లికి గర్భం దూరం పెట్టే పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ మీదే ఆధారపడుతున్నారు. ఇద్దరిని వెంటవెంటనే కనెయ్యడం, ఆపరేషన్ చేయించుకోవడం. ఆపరేషన్‌కు 22 ఏళ్ళు నిండాలని నిబంధన. మరి 19 ఏళ్ళ పిల్ల ఏం చెయ్యాలి? కాన్పుకూ తర్వాతి గర్భానికీ కనీసం రెండేళ్ళు ఎడం ఉండాలంటే ఆమె చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

ఈ మాట పుట్టింట్లో ఉండగానే మాట్లాడాలని నా గట్టి నమ్మకం. అత్తింటికి వెళ్ళాక అడిగే అవకాశం ఆమెకు దొరకదు. గర్భం రాకుండా వేసే అంతర ఇంజెక్షన్ పాలిచ్చే తల్లికి ఆరు వారాల నుంచి ఇవ్వొచ్చు, మూడు నెలలకొకటి. వేసినచోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. నెలసరి తప్పుతుంది, లేదా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఇది ముందు చెప్పకపోతే రెండో డోసుకు రారు. ఛాయ మాత్రలయితే మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి, వారంలో ఏ రోజుల్లో మొదలుపెడితే ఆ రోజుల్లోనే. పాలిచ్చే తల్లికి రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రలు ఆరు నెలల దాకా ఇవ్వకండి, పాలు తగ్గుతాయి. "పాలిస్తుంటే గర్భం రాదు" అన్నది నిజమే కానీ మూడు షరతులతో: బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, నెలసరి మొదలవకూడదు, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప వేరేవి పట్టకూడదు. ఒక్కటి తప్పినా ఆ ధైర్యం పోయినట్టే. ఇష్టం ఆమెది. మనం చెప్పాలి, పట్టుబట్టకూడదు.

ఇప్పుడు తిరుగు ప్రయాణం. ఇక్కడ ఒక గొలుసు ఉంది, జాగ్రత్తగా వినండి. 14 వారాల టీకా అంటే మూడు నెలలు దాటిన వారం, సరిగ్గా దిగబెట్టే ముహూర్తాలప్పుడు. టీకా వేయిస్తే జ్వరం వస్తుంది, ప్రయాణం ఎలా అని పుట్టింటి వాళ్ళు వాయిదా వేస్తారు. అత్తింటి వాళ్ళేమో పుట్టింట్లోనే వేయించి ఉంటారనుకుంటారు. టీకా ఆగిపోతుంది. ఆ టీకా పడితేనే ప్రధానమంత్రి మాతృ వందన యోజన రెండో విడత 2,000 రూపాయలు వస్తాయి. తొలి కాన్పుకు మొత్తం 5,000, అందులో 3,000 గర్భం నమోదై, కనీసం ఒక గర్భ పరీక్ష అయ్యాక, 2,000 బిడ్డ పుట్టుక నమోదై, మొదటి దఫా టీకాలు పూర్తయ్యాక. పుట్టుక నమోదు 21 రోజుల్లోపు ఉచితం. 30 రోజులు దాటితే అధికారుల అనుమతి పత్రం కావాలి. కాన్పు వేరే మండలంలో, ఇల్లు వేరే మండలంలో అయితే ఆ తిరగడం ఎవరి వల్ల అవుతుంది? డిశ్చార్జి రోజే ఆసుపత్రిలో అడిగి రావాలి.

డబ్బు పడకపోవడానికి ఇంకో కారణం ఆధార్. ఆధార్‌లో పుట్టింటి పేరు, కార్డులో అత్తింటి ఇంటిపేరు. ఫోన్ నంబరు పెళ్ళికి ముందుది, ఓటీపీ నాన్న ఫోన్‌కు వెళ్తుంది. ఖాతాలు రెండుంటే ఆధార్ ఆఖరున ఏ ఖాతాకు అనుసంధానం అయితే డబ్బు దాంట్లో పడుతుంది. పడలేదని తిట్టుకునే ముందు పాత పాసుపుస్తకం కూడా చూడమనండి. 18 ఏళ్ళ 7 నెలలు నిండని తల్లికి ఈ పథకం వర్తించదు.

కాబట్టి పుట్టింటి ఆశా తిరుగు ఫోన్ చెయ్యాలి. ఏ టీకాలు పడ్డాయి, ఏది బాకీ, బిడ్డ బరువెంత, అంతర తర్వాతి తేదీ ఎప్పుడు, మాత్రలు ఎన్ని మిగిలాయి, మనసు ఎలా ఉంది. టీకాల వివరాలు ఎక్కించే యూ-విన్ పోర్టల్‌లో నమోదై ఉంటే టీకా ఏ ఊళ్ళోనైనా వేయించొచ్చు, కార్డు చూపిస్తే చాలు. మూడో నెల, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకు ఇంటికెళ్ళే బాధ్యత ఇక అత్తింటి ఆశాదే.

18 నిండని పిల్ల గురించి దాచకుండా మాట్లాడుకోవాలి. కార్డులో వయసు 19 అని వేయించేస్తున్నారు. అది సాయం అనుకుంటారు. 16 ఏళ్ళ పిల్లను 19 అని రాస్తే డాక్టరు ఆమెను మామూలు కాన్పుగా చూస్తారు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు చెప్పాల్సిందే, 2017లో సుప్రీంకోర్టు పెళ్ళైనా 18 లోపు పిల్లతో శారీరక సంబంధం నేరమేనని తీర్పు ఇచ్చింది. ఆ భయంతో కొందరు ఆసుపత్రికే తీసుకురారు. కేసు సంగతి వేరు, వైద్యం సంగతి వేరు, ఆసుపత్రి ఆమెను వెనక్కి పంపకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి, బాలల సంక్షేమ కమిటీ దగ్గరకు వెళ్ళేటప్పుడు పిల్ల పక్కన నమ్మకమైన ఆడమనిషి ఉండేలా చూడండి. బాల్య వివాహాల నిషేధ చట్టం, 2006 కింద ఆ పెళ్ళిని రద్దు చేయమని ఆమెకు 20 ఏళ్ళు నిండేదాకా అడిగే హక్కుందని కూడా చెప్పండి. ఎంచుకోమని కాదు, తెలియాలని.

గ్రామ సమాఖ్య అక్కలకు ఆఖరుగా. చాలా పొదుపు సంఘాల్లో ఇంటికి ఒకరే సభ్యురాలు, ఆ ఒకరు అత్తగారు. కోడలు ఎక్కడా ఉండదు. అందుకని నెలకొకసారి చిన్న తల్లుల కూటమి పెట్టండి. పుట్టింటికి వచ్చిన కూతుళ్ళనూ, కాపురానికి వచ్చిన కోడళ్ళనూ ఇద్దరినీ పిలవండి. ఎనిమిది నుంచి పన్నెండు మంది, అంగన్‌వాడీలో, మధ్యాహ్నం మూడింటికి, గంటకు మించకుండా. చాపలు, మంచినీళ్ళు, బిడ్డలను పడుకోబెట్టడానికి ఒక మూల. ముఖ్య అతిథి వద్దు, ఫోటోలు వద్దు. ఫోటో వాట్సాప్ గ్రూపులో పడితే మరుసటి నెల సగం మంది రారు. ఇంకో తప్పు, మనమే గంటంతా చెప్పడం. పది నిమిషాలు చెప్పి ఆపండి. ఒకరి బిడ్డ పాలు ఎలా పట్టిందో ఇంకొకరు చూసి నేర్చుకునేది ఎక్కువ. చదువు ఆపేసినవాళ్ళు ఎవరో ఆ కూటమిలోనే అడిగి తెలుసుకోండి. ఓపెన్ టెన్త్‌కు 14 ఏళ్ళు, ఓపెన్ ఇంటర్‌కు 15 నిండితే చాలు, ప్రవేశాల తేదీ ముందే కనుక్కుని ఆ ఇంటి అత్తగారికి మీరే చెప్పండి. ఆవిడ మీ సంఘంలోనే ఉంది కదా.

మాటలు ఇక చాలు. ఆ మూల బల్ల మీద నాలుగు తూకాలు, ఊయల గుడ్డలు, రెండు కిలోల బియ్యం సంచులు ఉన్నాయి. నలుగురు నలుగురుగా రండి. ముందు గుడ్డ తగిలించి సున్నా చెయ్యండి, తర్వాత సంచి పెట్టి ఎంత చూపిస్తోందో పక్కవాళ్ళకు చెప్పకుండా కాగితం మీద రాయండి.